ఊపిరి బిందెలు

విశాఖపట్నంలో కుళాయి దగ్గర బిందె పెట్టారంటే మనిషి నిలబడ్డట్టే. బిందె అక్కడుంటుంది, మనిషి ఇంటి దగ్గరుంటుంది. ఈలోగా పొయ్యి మీద అన్నం ఉడుకుతుంది, పిల్లకి జడ పడుతుంది, పక్కింటావిడతో నాలుగు కబుర్లూ అయిపోతాయి. వంతు మాత్రం ఎక్కడికీ పోదు. ఆ బిందెను ఎవరైనా గడుసుగా వెనక్కి జరిపారా, ఇక ఆ పూటకి వీధికి వేరే వినోదం అక్కర్లేదు.

కొబ్బరితోట అనే పేటలో ఇలాంటి తగువులన్నిటికీ తీర్పు చెప్పేది పైడమ్మ. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సొట్ట చూసి బిందె ఎవరిదో చెప్పేస్తుంది. మొగుడు పోయాక హోటళ్ళకి నీళ్ళు మోసి, తనకంటే పదిహేడేళ్ళు చిన్నదైన చెల్లెలు నూకరత్నాన్ని చదివించింది. ఆ చెల్లెలు పాలిటెక్నిక్‌లో రసాయనశాస్త్రం చెబుతోంది. చెబుతోంది అంటే, ముట్టడి మొదలయ్యేదాకా చెప్పింది. ఇప్పుడక్కడ పాఠాలూ లేవు, పిల్లలూ లేరు, ప్రయోగశాల మాత్రం ఉంది. రత్నం పెళ్ళి చేసుకోలేదు. ఆ రెండు గదుల ఇంట్లో ఆ ఇద్దరికీ ఆ ఇద్దరే దిక్కు.

యుద్ధం ఎందుకొచ్చిందో, తప్పెవరిదో రాసుకునేవాళ్ళు తర్వాత రాసుకుంటారు. ఊళ్ళో ఉన్నవాళ్ళకి తెలిసింది ఒక్కటే. ఒకపక్క సముద్రం, మూడుపక్కలా కొండలు. ఆ అందం చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవారు. ఇప్పుడు సముద్రం మీద శత్రువుల ఓడలు, కొండల మీద వాళ్ళ ఫిరంగులు. లోపలికి వచ్చే దారి లేదు, బయటికి పోయే దారి అంతకంటే లేదు. నాలుగు నెలలుగా ఊరు బోనులో పడి ఉంది.

బోనులో ఉన్నవాళ్ళకైనా దాహం వేస్తుంది కదా. రోజూ పొద్దున్న తొమ్మిదింటికి వీధికింత అని నీళ్ళు వదిలేవారు. సరిగ్గా ఆ వేళకే గద్దలు వచ్చేవి. మనిషి లేకుండా ఎగిరే ఆ యంత్రాలకి జనం పెట్టుకున్న పేరది. మనుషులు గుంపుగా ఎక్కడున్నారో పైనుంచి వెతికి, కొండమీది ఫిరంగులకి కబురిస్తాయి. పోర్టు మీద పడితే యుద్ధం అనుకోవచ్చు. బిందె పట్టుకున్న ఆడవాళ్ళ మీద పడేదాన్ని ఏమనాలో రత్నానికి తెలియలేదు. అల్లిపురంలో ఒక్క పొద్దున్నే అరవై మూడుమంది పోయారు. నీళ్ళకొచ్చేవాళ్ళని చంపితే ఊరు దానంతటదే తలవంచుతుందని అవతలివాళ్ళ లెక్క.

ఆ మర్నాడే రత్నం దాలినాయుణ్ణి పాలిటెక్నిక్ డాబా మీదికి తీసుకెళ్ళింది. ఆయన ఒకప్పటి కాలవల ఇంజనీరు, ఇప్పుడు ఊరి రక్షణ కమిటీలో నీళ్ళ సంగతి చూసే పెద్దమనిషి. కూలిన గద్ద ఒకటి దొరికితే, ఒంటి వేడిని పసిగట్టే దాని కన్ను ఊడదీయించి భద్రంగా ఉంచింది ఆయనే. ఆ కన్నుని నీళ్ళ ట్యాంకు మీద బిగించి, దానికో తెర తగిలించారు. కింద కాలేజీ మెస్సులో వంట చేసే ఐదుగురు ఆడవాళ్ళు గొంతుక్కూర్చున్నారు. వాళ్ళ మధ్య రత్నం ఐదు ప్లాస్టిక్ బిందెలు పెట్టి, వాటిమీద పాత చీరలు కప్పింది.

తెర మీద పది ఎర్ర చుక్కలు వెలిగాయి. పక్కన అంకె పడింది. పది.

దాలినాయుడు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. అంకె మారలేదు.

"అయితే మేమూ బిందెలూ ఒకటేనేటమ్మా?" అంది మెస్సు ఆవిడ ఒకర్తె. అందరూ నవ్వారు. రత్నం కూడా నవ్వింది. ఆ నవ్వు తల్చుకుని తర్వాత చాలా రోజులు తనని తాను తిట్టుకుంది.

బిందెల్లో ఉన్నది మైనం. యుద్ధం కోసం చేసింది కాదు. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల్ని వెచ్చగా ఉంచే సంచుల కోసం ఆరేళ్ళు కష్టపడి కనిపెట్టింది. ఎండలో పెడితే కరిగి వేడిని మింగుతుంది, గట్టిపడుతూ ఆ వేడిని ఆరేడు గంటలపాటు మెల్లగా వదులుతుంది. తల్లి ఒంటి వెచ్చదనం ఎంతో అంతే, ఎక్కువా కాదు, తక్కువా కాదు. కానీ గద్దకి వెచ్చదనం ఒక్కటే చాలదు, కాస్త కదలిక కూడా కావాలి. అందుకని మూత కింద పల్చటి రేకు అమర్చింది. చిన్న బ్యాటరీతో అది నిమిషానికి పదహారుసార్లు లేచి పడుతుంది. దగ్గర చెవి పెడితే ఎవరో నిద్రపోతున్నట్టే ఉంటుంది. కమిటీలో వాటికి ఊపిరి బిందెలని పేరు పడింది.

ఊళ్ళో నాలుగు చోట్ల దొంగ వరసలు పెట్టారు. మరీ ఊరవతల పెడితే అవతలివాళ్ళు నమ్మరు కాబట్టి, ఇళ్ళకి దగ్గరగానే, కాస్త ఖాళీ జాగాల్లో పెట్టారు. సంగతి తెలిసినవాళ్ళు కమిటీలో నలుగురు, పెట్టే మనుషులు ముగ్గురు, ఆ మెస్సు ఆడవాళ్ళు ఐదుగురు, రత్నం. అంతే. నీళ్ళ వరసలో పడ్డ మాట సాయంత్రానికి సింహాచలం కొండెక్కుతుంది, అక్కణ్ణుంచి అవతలివాళ్ళ చెవిలో పడుతుంది. అందుకని ఎవరికీ చెప్పనని అందరి చేతా, రత్నం చేత కూడా, ఒట్టు వేయించుకున్నారు.

బిందెలు పెట్టిన రెండో రోజే ఫిరంగులు వాటిమీద పడ్డాయి. నిజం వరసల మీద పడడం సగానికి సగం తగ్గింది. మూడు వారాలపాటు రత్నానికి అన్నం సయించింది.

"అస్తమానూ ఆ కాలేజీలో ఏటి సేస్తన్నావే?" అని పైడమ్మ అడిగితే, "నీళ్ళు శుభ్రం చేసే పొడి అప్పా," అని చెప్పింది.

"అదేదో మన బిందెలోనూ సిటికెడు ఎయ్యవే మరి. ఊరందరికీ సేస్తావు, మనకి నాచు నీళ్ళు."

నాలుగో వారం, పాత గూడ్సు షెడ్డు వెనక పెట్టిన దొంగ వరస మీద దాడి జరిగిన మధ్యాహ్నం, బిందెలు ఎలా పగిలాయో చూడ్డానికి రత్నం వెళ్ళింది. ప్లాస్టిక్ ముక్కలు, మైనం ముద్దలు ఉంటాయనుకుంది. ఉన్నాయి. వాటి చివర స్టీలు బిందెలు కూడా ఉన్నాయి. ఆమె పెట్టించినవి కావు. ఒకటి తిప్పి చూసింది. మెడ దగ్గర చుక్కలు చుక్కలుగా పేరు చెక్కి ఉంది. బోణి నర్సమ్మ. ఇంకోదాని మీద, లోతేటి వారి గృహప్రవేశం. శవాల్ని అప్పటికే తీసుకెళ్ళిపోయారు. పదకొండుమంది అని అక్కడున్న రైల్వే కూలీ చెప్పాడు. "ఇక్కడ కుళాయి లేదు, ట్యాంకరు రాదు. ఎందుకొచ్చారో తెల్దమ్మా."

రత్నానికి తెలిసింది. బిందెల వరస కనిపించింది కాబట్టి వచ్చారు. వరస ఉందంటే నీళ్ళొస్తాయనే. ఎప్పుడొస్తాయి, ఎవరిస్తారు అని ఈ ఊళ్ళో ఏ ఆడదీ అడగదు. ముందు బిందె పెడుతుంది, తర్వాత అడుగుతుంది. ఆరేళ్ళు మైనంతో కుస్తీ పట్టిన మనిషికి, గద్ద కన్ను ఎలా చూస్తుందో కనిపెట్టిన మనిషికి, ఆ కాస్త సంగతి తట్టలేదు.

దాలినాయుడు గారు ఆమె చెప్పిందంతా విన్నారు. కాపలా పెట్టమంది. కాపలా ఉన్న నీళ్ళ వరస ఎక్కడైనా ఉంటుందా అన్నారు. బోర్డు పెట్టమంది. మనవాళ్ళు చదివేది వాళ్ళూ చదువుతారు అన్నారు. అయితే ఆ వరస తీసేయమంది.

"తీసేస్తాను. రేపు ఆ ఫిరంగులు కొబ్బరితోట కుళాయి మీద పడతాయి. అక్కడ రోజూ రెండొందలమంది ఉంటారు. తీసెయ్యమంటారా?"

ఆయన చెడ్డవాడైతే బాగుండునని రత్నానికి అనిపించింది. ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట అన్నాక, బిందెల మీదున్న ఆ రెండు పేర్లూ అడిగి కాగితం మీద రాసుకున్నారు.

ఇంటికి వెళ్ళేసరికి పైడమ్మ గుమ్మంలో కూర్చుని చింతాకు దూస్తోంది. ముట్టడిలో దొరికే కూర అదొక్కటే.

"గూడ్సు సెడ్డు ఎనకాల కొత్త వరస పడతందట. మన కుళాయి కన్నా జనం తక్కువట. ఇయాలే పడ్డాది కాబట్టి ఇప్పట్లో మల్లీ పడదట. రేపట్నుంచి మన ఈది ఆడోల్లందర్నీ అటే తీసుకెల్తాను," అంది.

"వద్దప్పా."

"ఏటి వద్దు?"

"అక్కడ నీళ్ళు మంచివి కావు."

"పొడేస్తన్నావు కదే మరి?"

తన అబద్ధమే తనకి అడ్డం తిరిగింది. పైడమ్మ చింతాకు పక్కన పెట్టి చెల్లెలి మొహంలోకి చూసింది. చిన్నప్పుడు పరీక్ష తప్పిన రోజు కూడా అలాగే చూసింది. ఒట్టు సంగతి రత్నానికి గుర్తుంది. అప్ప రేపు పొద్దున్న బిందె పట్టుకుని వీధి వీధినంతా వెంటేసుకుని అక్కడికి వెళ్తుందన్నదీ గుర్తుంది. తలుపేసి అంతా చెప్పేసింది.

పైడమ్మ మూలనున్న తమ బిందె వైపు చూసింది.

"ఆ బిందెలు నువ్వే సేసినావా?"

"నేనే."

"పదకొండుమందా?"

"పదకొండుమంది."

"నువ్వు నీళ్ళ వరసలోనే పెరిగినావు కదే రత్నం. పుస్తకాలు కూడా అక్కడే సదివినావు. బిందె కనపడితే బిందె పెడతామని నీకు తెల్దా?"

"మర్చిపోయాను అప్పా."

ఆ మాట తర్వాత ఆమె ఏడ్చింది. పైడమ్మ ఓదార్చలేదు. ఆలోచిస్తోంది.

"అందరికీ సెప్పేస్తే?"

"వారం తిరక్కుండా వాళ్ళకి తెలిసిపోతుంది. మళ్ళీ నిజం వరసల మీదే పడతారు."

"కాపలా పెడితే పోల్చేస్తారు. బోర్డు పెడితే సదివేస్తారు." పైడమ్మ మళ్ళీ చింతాకు దూయడం మొదలుపెట్టింది. "తగువు పెడితేనో?"

మర్నాడు పొద్దున్నే ఆమె తన బిందె తీసుకుని గూడ్సు షెడ్డుకి వెళ్ళి, దొంగ వరసకి ముందు కూర్చుంది. బిందె పట్టుకుని ఎవరొచ్చినా లేచి నడుం మీద చేతులు వేసుకునేది. "ఈ వరస మాది. మీ ఈది నీళ్ళు మీ ఈదిలో తాగండి. ఇక్కడ బిందె పెట్టి సూడండి, సొట్ట పడకుండా ఇంటికెల్తే నా పేరు పైడమ్మ కాదు." మాటకి మాట అంటే పది మాటలు అనేది. తల్లిని తిట్టేది, పుట్టింటిని తిట్టేది, చేతికందితే బిందె పట్టాల మీదికి విసిరేసేది. ముప్ఫై ఏళ్ళు తగువులు తీర్చిన మనిషికి తగువు పెట్టుకోవడం రాకపోతుందా. గద్ద చప్పుడు వినగానే నలభై అడుగుల దూరంలో ఉన్న రైలుకట్ట కాలవలోకి దిగిపోయేది. అలా రెండుసార్లు బతికి బయటపడింది.

ఆ నెల రోజుల్లో గూడ్సు షెడ్డు దగ్గర ఒక్క ఆడది కూడా చచ్చిపోలేదు.

కొబ్బరితోటలో మాత్రం పైడమ్మ పేరు చెబితే ఉమ్మేసే రోజులొచ్చాయి. చెల్లెలు కమిటీ వాళ్ళతో తిరుగుతోంది కదా, అందుకే అక్కకి విడిగా నీళ్ళిస్తున్నారని ఒకరన్నారు. దాచుకుని స్నానాలు చేస్తున్నారని ఇంకొకరన్నారు. వీధి కుళాయి దగ్గర ఆమె బిందె ఎవరో తన్నేస్తే, ఎవరని అడిగినవాళ్ళు లేరు. ఇదివరకు తీర్పు కోసం గుమ్మంలోకి వచ్చే ఆడవాళ్ళు, ఆమె ఎదురైతే చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పక్కకి తప్పుకునేవారు. ఆమె ఎవరినీ ఏమీ అనేది కాదు. ఇంటికొచ్చి చెంబుడు నీళ్ళతో మొహం కడుక్కుని గోడకి జేరబడేది.

"నా నోటికి ఎప్పుడూ ఇంత పని తగల్లేదే," అని నవ్వింది ఓ రోజు. ఆ నవ్వు చూడలేక రత్నం లోపలికి వెళ్ళిపోయింది.

సంగతి దాలినాయుడు గారికి తెలియకుండా ఉండదు కదా. ఒట్టు తప్పినందుకు కేకలేస్తారనుకుని రత్నం వెళ్ళింది. ఆయన కుర్చీ చూపించారు.

"మీ అక్కగారు కూర్చున్నప్పటి నుంచి ఆ వరస మీద దాడులు రెట్టింపయ్యాయి. కొబ్బరితోట మీద ఒక్కటీ పడలేదు. ఎందుకో తెలుసా? వరసన్నాక తగువుండాలి. అన్నీ కదలకుండా కూర్చుంటే వాళ్ళకి కూడా అనుమానం వస్తోంది. ఇప్పుడు అది నిజం వరసలా ఉంది." ఆయన ఆగి, గొంతు తగ్గించి అడిగారు. "మిగిలిన మూడు చోట్లకీ అలాంటి మనుషులు దొరుకుతారా?"

"మా అప్పని అక్కణ్ణుంచి తీసెయ్యండి."

"నేను పెట్టలేదమ్మా. మీరు రమ్మంటే వచ్చేస్తారేమో అడగండి. రేపట్నుంచి ఆ చోట ఎవరి అక్క కూర్చోవాలో కూడా మీరే చెప్పండి."

అడిగింది. కాళ్ళు పట్టుకుని మరీ అడిగింది. పైడమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"నువ్వు సేసినావు కాబట్టి నేను కూకున్నాను అనుకోకు. నువ్వు సెయ్యకపోతే ఈపాటికి ఈ ఈదిలో సగం మంది లేరు. మంచి పనే సేసినావు. అందులో ఓ సిల్లు పడింది. సిల్లు కాడ ఎవలో ఒకలు సెయ్యి అడ్డం పెట్టాలి కదే. నాకొచ్చిన పని అదొక్కటే."

రత్నం ప్రయోగశాలకి వెళ్ళి మూడు రోజులు బయటికి రాలేదు. బిందెలు వాటంతటవే అటూ ఇటూ కదిలేలా, ఒకదాన్నొకటి తోసుకునేలా చెయ్యగలిగితే అప్ప లేవొచ్చు. స్ప్రింగులు పెట్టింది, చక్రాలు పెట్టింది. గద్ద కన్ను ముందు పెట్టి చూస్తే అంకె వెంటనే సున్నాకి పడిపోయేది. మనిషి మనిషితో కొట్లాడే తీరు ఏ యంత్రానికీ రాలేదు. నాలుగో రోజు పొద్దున్న తొమ్మిదింబావుకి కిటికీ అద్దాలు అదిరాయి. గూడ్సు షెడ్డు వైపు నుంచి.

పైడమ్మని తోపుడు బండి మీద తెచ్చారు. ఒంటి మీద పెద్ద దెబ్బలేవీ కనపడలేదు. వీపులో చిన్న ముక్క దిగిందట. కాలవకి రెండడుగుల దూరంలో పడి ఉందని తెచ్చినవాళ్ళు చెప్పి వెళ్ళిపోయారు. చప్పుడు విన్నాక దిగిపోవాల్సిన మనిషి ఎందుకు దిగలేదో వాళ్ళకి తెలియదు.

వీధిలోవాళ్ళెవరూ రాలేదు. కొబ్బరితోటలో చావు జరిగితే చెప్పకుండానే పది మంది ఆడవాళ్ళు పోగవుతారు, తలో చెంబూ తెచ్చి శవానికి స్నానం చేయిస్తారు. ఆ రోజు తలుపులన్నీ మూసే ఉన్నాయి. ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. ఉన్న ఒక్క బిందె గూడ్సు షెడ్డు దగ్గర పోయింది. రత్నం అప్ప తల ఒళ్ళో పెట్టుకుని, జుట్టులో ఇసుక వేళ్ళతో ఏరుతూ కూర్చుంది. ఎవరూ రాకపోవడం కంటే, ఎందుకు రావాలో వాళ్ళకి చెప్పలేకపోవడం ఆమెని కోసేస్తోంది.

మూడు గంటలప్పుడు ఎదురింటి మాలచ్చమ్మ వచ్చింది. చంకలో సగం బిందె నీళ్ళున్నాయి. గుమ్మం లోపలికి వచ్చి నిలబడే మాట్లాడింది.

"మా పిల్ల గంగ తాగడానికి ఉంచిన నీళ్ళివి. పోయిన మనిసిని తానం సెయ్యకుండా సాగనంపితే ఈదికే అరిష్టం, అందుకు తెచ్చినాను. మీ అప్ప మీద పేమతో కాదు."

రత్నం తలూపింది.

"కడుపుతో ఉన్న గుంటది, మీ అప్ప కనపడక, అటేపు నుంచి వచ్చి ఎనకాల బిందె పెట్టుకున్నాదట. గద్ద నెత్తి మీద తిరుగుతంటే కూడా మీ అప్ప ఒంతు ఇడిసిపెట్నాది కాదు. కాలవలోంచి లేచి పరిగెత్తుకొచ్చి, మా పిల్ల జుట్టు పట్టుకుని ఈడ్సుకెల్లి, కాలవలోకి తోసేసినాది. పిల్లకి సెయ్యి ఇరిగిపోనాది. అంత కచ్చేటమ్మా నీళ్ళ కోసం? కడుపు నిలబడ్డాది, ఆ తల్లి దయ. దేవుడు లేకపోలేదు, సూసినాడు."

అప్ప ఎలా పోయిందో రత్నానికి అప్పుడు తెలిసింది. కాలవలో దిగి, బతికే చోటుకి చేరి, మళ్ళీ పైకెక్కింది. నీ కూతురు బతికింది ఈవిడ వల్ల అని ఒక్కసారి చెబితే, మాలచ్చమ్మ ఆ నీళ్ళ బిందె కింద పెట్టి అప్ప కాళ్ళ మీద పడుతుంది. ఆ తర్వాత వీధిలోకి పరిగెత్తి అందరికీ చెబుతుంది. సాయంత్రానికి ఆ మాట కొండెక్కుతుంది. రత్నం ఒళ్ళోని తల వైపు చూసింది.

"మా అప్ప నోరూ చెయ్యీ అంతేలే," అంది.

"అంతే మరి." మాలచ్చమ్మ కాస్త మెత్తబడింది. "పోనీలే, పోయినోల్లని అనకూడదు. ఇంతకీ ఒక మాట. పడ్డ కాడ ఎంటనే మల్లీ పడదంటారు కదా. ఇందాక అటుగా వస్తే అక్కడ మల్లీ వరస కట్టేసున్నాది. ఇప్పుడు అడ్డం పడేవోల్లు లేరు కదా. రేపు మన ఈది ఆడోల్లందరం అక్కడే పెడదామనుకుంటన్నాం."

రత్నం తలెత్తింది. అప్ప తలని మెల్లగా చాప మీద పెట్టి లేచి నిలబడింది. ఇరవయ్యేళ్ళుగా ఎవరినీ నువ్వని కూడా గట్టిగా అనని మనిషి. చదువుకున్నాక వదిలేసిన మాటలు నోటికొచ్చాయి.

"ఎవల్నడిగి పెడతావే? అప్ప పోతే వరస మీదైపోద్దా? ఆ నీళ్ళు మావి. రేపట్నుంచి అక్కడ కూకునేది నేను. మా అప్ప సెయ్యి ఇరగ్గొట్టింది, నేను కాళ్ళిరగ్గొడతాను. మీ మొకాలు ఆ పక్క కనపడితే ఒక్క బిందె మిగల్నివ్వను. ఎల్లు."

మాలచ్చమ్మ ఆమెనీ, చాప మీది శవాన్నీ మార్చి మార్చి చూసింది. చంకలోని బిందె దించి, నీళ్ళన్నీ అక్కడున్న గంగాళంలో వంచేసింది. పోయినవాళ్ళ కోసం తెచ్చిన నీళ్ళు వెనక్కి తీసుకెళ్ళకూడదు. ఖాళీ బిందెతో గుమ్మం దాటి, వీధి మధ్యలో నిలబడి నాలుగు ఇళ్ళకీ వినపడేలా అరిచింది.

"అప్పని మించిన సెల్లెలు. పీనుగ ఇంట్లో ఉండగానే నీళ్ళ కోసం తగువు. గూడ్సు సెడ్డు కాడికి ఎవలూ ఎల్లకండర్రా. మనకొద్దు ఆల్ల నీళ్ళు, మన పిల్లల్నక్కడికి పంపకండి."

రత్నం ఆ మాట చివరిదాకా విన్నది. తర్వాత తలుపు దగ్గరగా వేసి, గంగాళంలో చెంబు ముంచి, అప్ప తల మీద మెల్లగా నీళ్ళు పోసింది.